మార్తమ్మత్త సాగదీసే చోట

ఆదివారం రాత్రి, మా ఊరు కోట

రేపు సూళ్లూరుపేటలో రైలెక్కాలి. చెన్నై, పుణె, ఢిల్లీ, షిల్లాంగ్. కాలేజీ ఫెస్టులో అరువు డ్రమ్స్‌తో మొదలైన మా బ్యాండ్ దేశమంతా తిరగబోవడం ఇదే మొదటిసారి.

పొద్దున మా చర్చి మందిరంలో ఆరాధనకు వాయించాను. డ్రమ్స్ నేర్చుకున్నది అక్కడే. పాట ఎత్తేది మార్తమ్మత్త. చరణం చివర ఆమె సాగదీస్తుంది, వెనకే అందరూ సాగదీస్తారు. అంతసేపూ డ్రమ్ము ఆగాలి. ఇవాళ నేను ఆగలేదు. టూర్ ప్రాక్టీసంతా తాళం తప్పకుండా చెవిలో టక్‌టక్‌మనే క్లిక్ పెట్టుకునే చేశాం. అది ఎవరి కోసమూ ఆగదు. ఇవాళ చెవిలో అది లేకపోయినా చెయ్యి మాత్రం దాని వెంటే పోయింది.

బయట చెప్పులు వేసుకుంటూ అత్త నవ్వింది. "ఏంది అబ్బయా, రైలుకు టైమైందా? మమ్మల్ని ఎక్కించుకోకుండానే పోయినావే!"

నేనూ నవ్వేశాను.

మందిరంలో చెల్లి తీసిన వీడియో మా గిటారిస్టు సన్నీకి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "ఒక్క బీటు కూడా జారలేదురా. టూర్‌కి రెడీ నువ్వు!"

మూడో చరణంలో ఎవరూ పాడటం లేదని వాడు గమనించనే లేదు.