ఇంజన్ కుదురుకునేదాకా

గాబ్రొవొ,
మార్చి నెల

నా బంగారు అక్క రాద్కాకి,

ఫోన్ చేస్తే నేను రెండో మాట ఎత్తకముందే "పోనీలే నెవెనా, సర్దుకుపో" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇందులో నువ్వు అడ్డు రాలేవు.

నీ మరిది, మా ఆయన ఓగ్న్యన్ చెర్రీ చెట్టు కొమ్మలు కొట్టబోయి నిచ్చెన మీంచి పడి ఎడమ కాలు విరగ్గొట్టుకున్న సంగతి నీకు తెలుసు. కిందటేడు కొండ పందెంలో మా ఎర్రకారు ఇంజన్ పాడుచేసిందీ అతనే. చలికాలమంతా మెకానిక్ మెతోది దాన్ని తన షెడ్డులో విప్పి పెట్టుకుని కొత్త పిస్టన్లు, రింగులు వేశాడు. టర్బో బాగుచేశాడు. క్లచ్ కూడా మార్చాడు. ఇక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎవరో ఒకరు ఓపిగ్గా నడిపి దాన్ని దారికి తేవాలి. ఆ ఓపిక నాదట.

ఒక్కదాన్నే అయితే బాగానే ఉండేది. పక్క సీట్లో మామయ్య కూర్చుంటారు. కొడుకు పెట్టిన కాపలా! ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. గేరు కర్రకి మార్చి నెలలో శుభానికని కట్టే ఎర్ర తెల్ల దారం కట్టి, ఒళ్ళో టోపీ పెట్టుకుని, స్పీడు ముల్లు మీంచి చూపు తిప్పరు.

"అమ్మాయ్, అరవై! అరవై దాటుతోంది!"

"మామయ్యా, ఒకే వేగంలో పోవద్దని మెతోది చెప్పాడు. కాసేపు బరువు మోయించాలట, కాసేపు వదలాలట. టర్బో గట్టిగా ఊదేదాకా మాత్రం తొక్కొద్దన్నాడు."

"మెతోది నిక్కర్లేసుకునే రోజుల్లోనే నేను యాభై మందిని ఎక్కించుకుని కనుమ దాటించాను. ఒక్కరి చేతిలో మజ్జిగ ఒలికిందేమో అడుగు."

ఎవర్ని అడగను? క్లచ్ కోసమని పొద్దున్నే బజారు వీధిలో ఆగుతూ, కదులుతూ, మళ్ళీ ఆగుతూ తిరుగుతాం. కూరగాయల వాళ్ళు నవ్వుతున్నారు. "ఏం నెవెనా, పందెం మా కొట్టు ముందే పెట్టారా?" అని ఒకావిడ క్యాబేజీ ఊపుతూ అరిచింది.

అక్కా, ఆ కారు నడిపింది మొదట నేను. రెండేళ్ళు పందేల్లో నా పేరే పలికింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నాకు జ్వరం వస్తే "ఈ ఒక్కసారికి నేనెక్కుతా" అన్నాడు ఓగ్న్యన్. పెళ్ళయి ఆరేళ్ళు అవుతోంది. ఆ ఒక్కసారి ఇంకా పూర్తి కాలేదు. మే నెల పందెం నాకిమ్మని ఈ వారం అడుగుతాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ తెలియదు.

నీ చెల్లెలు
నెవెనా

*

గాబ్రొవొ,
ఏప్రిల్ నెల

అక్కా, నా తల్లీ,

అడిగాను. కట్టు వేసిన కాలు కుర్చీ మీద చాపుకుని, నేను చేసిన జున్ను రొట్టె బానిత్సా తింటూ ఏమన్నాడో తెలుసా? "అప్పటికి నా కాలు బాగవుతుంది. నువ్వు కారు సిద్ధం చేస్తున్నావు కదా, అదీ పందెంలో భాగమే." దాంతో పెరుగన్నా వడ్డించకుండా లేచి వచ్చేశాను.

అంతటితో అయితే బాగుండేది. గురువారం వెనక గొట్టంలోంచి నీలం పొగ మొదలైంది. నూనె కూడా తగ్గుతోంది. ఇంటికి రాగానే ఓగ్న్యన్ కర్ర పట్టుకుని మెట్లు దిగాడు.

"ఏం చేశావు? తొక్కావా? నిజం చెప్పు, తొక్కేశావు కదూ!"

మామయ్య పక్కనే ఉన్నారు. ఏమీ మాట్లాడకుండా టోపీ తిప్పుకుంటూ నిలబడ్డారు. మొగుడు నమ్మనందుకు కాదు, అక్కా, ఆ మౌనానికి నాకు ఒళ్ళు మండింది. వెయ్యి కిలోమీటర్లలో సగం పైగా ఆయన అరుపులకి లొంగి నత్తలా నడిపాను. చివరికి దొంగని నేనయ్యాను.

ముగ్గురం మెతోది దగ్గరికి వెళ్ళాం. వాడు ప్లగ్గులు తీసి చూసి, సిలిండర్లలో ఒత్తిడి కొలిచి, చేతులు తుడుచుకున్నాడు.

"దీన్ని కారులా నడిపారా, ఉయ్యాలలో పెట్టి ఊపారా? రింగులు గోడలకి ఒరుసుకుని కుదురుకోవాలంటే బరువు పడాలి. ఇంకా నాలుగు రోజులు ఇలాగే తిప్పితే మళ్ళీ విప్పాల్సిందే. నూనె మార్చి ఇస్తాను, కనుమ ఎక్కించండి. ఎక్కేటప్పుడు తొక్కండి, దిగేటప్పుడు గేరులోనే వదలండి."

"నేనే తొక్కనివ్వలేదు," అన్నారు మామయ్య అప్పుడు, నేలకేసి చూస్తూ. "ఈ పిల్ల మొదటి రోజే చెప్పింది."

ఓగ్న్యన్ గోడకున్న పానాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. క్షమించమన్న మాట రాలేదు.

మర్నాటి నుంచీ మామయ్యా నేనూ కనుమ ఎక్కుతున్నాం. మొదటిసారి టర్బో ఈలవేసినప్పుడు ఆయన తలుపు పిడి పట్టుకుని ఏదో దేవుడి పేరు చెప్పుకున్నారు. మూడోసారికి "ఆ లారీని దాటవేం? నిద్రొస్తోందా?" అని నన్నే కసిరారు. పొగ తగ్గింది.

కానీ నేను నిశ్చయించుకున్నాను. వెయ్యి పూర్తవగానే తాళాలు ఓగ్న్యన్ చేతిలో పెడతాను. మళ్ళీ ఆ కారెక్కను. ఆశ ఉంటే కదా అడగాలనిపించేది. దాన్నే వదిలేస్తున్నాను.

నెవెనా

*

గాబ్రొవొ,
మే నెల, గెర్గి పండగ వెళ్ళిన మూడోనాడు

రాద్కక్కా,

పండగకి గొర్రెపిల్ల మాంసం కాల్చాం, బాగా కుదిరింది. అసలు సంగతి తర్వాతి రోజుది.

నేను పందేనికి వెళ్ళకూడదనుకున్నాను. మామయ్య ఇంటి ముందు నిలబడి "నువ్వు రాకపోతే నేనూ రాను" అని మొండికేశారు. సరేనని వెళ్ళి కంచె పక్కన నిలబడ్డాను. ఓగ్న్యన్ కాలికి కట్టు తీసి పది రోజులైంది. సాధన పరుగుకి కారెక్కాడు. ఆ క్లచ్ ఎంత గట్టిదో నాకు తెలుసు. మొదటి వారం నా తొడలే లాగేశాయి. అతను తొక్కి పట్టుకున్నాడు, జెండా పడకముందే కాలు వణికి జారింది. కారు ముందుకి ఎగిరి ఆగిపోయింది. రెండోసారీ అంతే. క్లచ్ కాలిన వాసన కంచె దాకా వచ్చింది. జనంలో ఎవడో "బస్సు తెప్పించండిరా!" అని అరిచాడు.

కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. మొహం చెమటతో తడిసిపోయింది.

"నెవెనా, నా బదులు నువ్వెక్కు."

"నీ బదులు ఎక్కను."

"ఇదేనా పంతం పట్టే సమయం? ఇంకా గంట కూడా లేదు."

"ఆరేళ్ళు పట్టలేదు కదా. ఇప్పుడు పడుతున్నాను."

 ఏడుస్తానేమోనని భయపడ్డాను, అక్కా. మామయ్య కంచె మీద వాలి కొడుకుతో అన్నారు: "ఒరేయ్, నీకు కాలే విరిగిందనుకున్నాను, చెవులు కూడా పోయాయా? ఎక్కనంటోందా? నీ బదులు ఎక్కనంటోంది."

ఓగ్న్యన్ మొహం తుడుచుకున్నాడు. తర్వాత నిర్వాహకుల బల్ల దగ్గరికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను. తన పేరు తనే కొట్టేయించాడు. "డ్రైవరు నెవెనా," అన్నాడు. "కారు కూడా ఆమెదే. నేనే..." అని ఆగిపోయి, "పొగ వచ్చిన రోజు నిన్ను అనకూడని మాట అన్నాను," అన్నాడు నాతో. బల్ల దగ్గరి మనిషి అర్థంకాక "పందెం లైసెన్సు ఉందా అమ్మా?" అన్నాడు. ఉంది. ఏటేటా ఎవరికీ చెప్పకుండా కొనసాగిస్తూనే ఉన్నాను.

నాలుగో స్థానం వచ్చింది. రెండో మలుపులో భయపడి ముందే బ్రేకు వేశాను, లేకపోతే మూడోది. ఓగ్న్యన్ మీద కోపం పూర్తిగా పోలేదు, పోయిందని అబద్ధం రాయను.

పైన, కొండ కొనలో, మన వాళ్ళెవరూ లేరు. అందరూ కిందే ఉన్నారు. అంత వేడెక్కాక టర్బోని చటుక్కున ఆపకూడదు, ఇంజన్‌ని కాసేపు ఊరికే తిరగనివ్వాలి. హెల్మెట్ తీసి, కిటికీ దించి, కూర్చున్నాను. చుట్టూ అడవి చెట్లకి ఇప్పుడే ఆకులు వస్తున్నాయి. ఒకతను వచ్చి "ఏమైనా చెడిపోయిందా, ఆపవేం?" అని అడిగాడు.

"ఏం చెడిపోలేదు," అన్నాను. "కాసేపు ఉండనీ."

నీ
నెవెనా