వెనక్కి ఎక్కిన మిట్ట

కోర్పివారా,
అక్టోబరు ఆఖరి వారం

నా తోడబుట్టిన హిల్యక్కకు,

దేవుని సమాధానం నీ ఇంటి మీద ఉండు గాక. మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇక్కడ మొదటి మంచు పడింది, నా పాత కారు ఆఖరి శ్వాస విడిచింది. రెండూ ఒకే వారంలో. దక్షిణాన తుర్కు పట్నంలో సముద్రం పక్కన వాన చూస్తూ కూర్చునే నీకు ఇదేం కష్టమా అనిపిస్తుంది కానీ, చలికాలమంతా మూడు ఊళ్లలో కూటాలు జరపాల్సిన బోధకుడికి కారు లేకపోవడమంటే యోనాకు చేప లేకపోవడమే.

సంఘం కొనిస్తానంటోంది. ఏది కొనాలన్నదే తగువు. ముందు చక్రాలు మాత్రమే లాగే బండా, నాలుగు చక్రాలూ లాగే బండా? నవ్వకు. ఈ ప్రశ్న మీద సంఘం నిలువునా రెండుగా చీలింది. నిప్పు ముట్టించింది నేనే. పోయిన ఆదివారం నిర్గమకాండం తెరిచి ఫరో రథాల మీద గంటన్నర మాట్లాడాను. "ఈ కాలపు ఫరోలెవరు? నాలుగు చక్రాలూ తిప్పుకుంటూ, మాకు ఏ కొండైనా ఒకటే, ఏ మంచైనా ఒకటే అని విర్రవీగేవాళ్లు కారా? దేవుడు మంచు కురిపించి ఆగమంటే ఆగనివాళ్లు కారా?" అని బల్ల గుద్దాను. నీళ్ల గ్లాసు ఎగిరి కింద పడింది. రెండో వరసలో కొట్టు నడిపే తౌనో ముఖం ఎర్రబడింది. అలాంటి బండి వాడు ఆ ముందు వారమే కొన్నాడని నాకు నిజంగా తెలీదక్కా.

కాఫీల దగ్గర పట్టుకున్నాడు. బన్ను ఇంకా నోట్లోనే ఉంది.

"ఏలిసన్నా, యెహెజ్కేలు దర్శనంలో చక్రాలెన్ని?"

"నాలుగు."

"ఆత్మ ఎన్నిట్లో ఉంది? ముందు రెంటిలోనేనా?"

కాఫీ తాగుతున్నవాళ్లంతా నవ్వారు. "అవి ఆకాశంలో తిరిగిన చక్రాలు తౌనో, మన రోడ్డు మీద కాదు" అన్నాను. "మన రోడ్డు మీదైతే ఇంకా అవసరం కదన్నా" అన్నాడు. నా వాక్యంతోనే నన్ను కొట్టాడు, చూశావా!

అప్పట్నుంచి ప్రార్థిస్తూనే ఉన్నాను. ఒక రోజు రెండు అనిపిస్తుంది, ఒక రోజు నాలుగు. తొందరేం లేదులే. అందాకా నన్ను కూటాలకు రాకెల్ తీసుకెళ్తోంది. బడిపిల్లల టాక్సీ నడుపుతుందే, ఆర్వో భార్య. ఆర్వో పోయి ఐదేళ్లయింది, మిట్ట మీద ఆ ఒంటరి ఇల్లు ఆమెదే. ఆమె గురించి ప్రత్యేకంగా రాయడానికేమీ లేదు. బండి బాగా నడుపుతుంది. ముందు చక్రాల బండే, మంచు మీద జారకుండా మేకులు దిగేసిన టైర్లు. నీ అభిప్రాయం ఏమిటని అడిగితే, "బయల్దేరడానికి నాలుగూ లాగితే మంచిదే బోధకుడుగారూ. ఆగడానికి మాత్రం ఎవరి బండికైనా అవే నాలుగు బ్రేకులు. నేను పిల్లల్ని ఎక్కించుకుంటాను, నాకు ఆగడం ముఖ్యం" అంది. నడుపుతూ కూనిరాగం తీస్తుంది. కీర్తన కాదు, ఊరికే ఏదో. నేనేమీ అనలేదు. బార్లీ రొట్టెకు వెన్న రాసి పొట్లం కట్టి తెస్తుంది. సగం నాకు. వెన్న నాకిచ్చే సగంలోనే ఎక్కువగా ఉంటుంది. అంతే, ఇంకేం లేదు.

నీ సలహా రాయి. రెండా, నాలుగా?

ప్రభువులో నీ తమ్ముడు,
ఏలిస్


కోర్పివారా,
డిసెంబరు, పగలు ఉందో లేదో తెలీని రోజులు

నా దొంగతనం పట్టేసిన అక్కకు,

నీ కార్డు అందింది. "కారు గురించి అడిగావు. ఉత్తరంలో కారు సగం, రొట్టె సగం. నీకు కావలసింది రెండు చక్రాలూ కాదు, నాలుగూ కాదు. ఆమె పక్క సీటు." అంతే రాశావు. నీ నీళ్లబిందె నేను పగలగొట్టిన రోజున చెవి మెలిపెట్టావు చూడు, అలా ఉంది.

నిజం రాస్తాను. తేల్చుకోలేక కాదు, తేల్చుకోవడం ఇష్టం లేక ఆగాను. ముందు చక్రాల బండికి సంఘం ఒప్పుకోబోతే, ఉత్తరపు ఊరి కొండదారి సంగతేమిటని నేనే లేవదీసేవాణ్ణి. నాలుగుకు మొగ్గితే ఫరోను సముద్రంలోంచి మళ్లీ పైకి లాగేవాణ్ణి. ఇశ్రాయేలీయులు కూడా అరణ్యంలో ఇంత తిరగలేదు. ఎందుకంటే, కారు నా వాకిట్లోకి వచ్చిన రోజున ఆ పక్క సీటు పోతుంది. సాయంత్రం బండి దీపాలు నా గేటు దగ్గర తిరగవు. అరవై దాటిన మనిషిని, సంఘమంతటికీ అన్న లాంటివాణ్ణి, ఆ దీపాల కోసం కిటికీ దగ్గర నిలబడి బూట్లు ముందే తొడుక్కుని చూసేవాణ్ణక్కా.

ఇంకొకటి ఉంది. నీకెప్పుడూ చెప్పలేదు. నా ఇల్లాలు సైమి పోయిన దగ్గర్నుంచి ఆమె పేరు నా నోట రాలేదు. నువ్వు ఎత్తితే మాట మార్చేవాణ్ణి, గుర్తుందా? వెనక్కి తిరిగి చూడకండి, లోతు భార్య ఉప్పు స్తంభమైంది చూడండి అని ప్రతి చలికాలం కనీసం ఒకసారైనా గర్జించాను. సంఘం అదిరిపోయేది. ఆ గర్జన వాళ్ల కోసం కాదు. వెనక్కి తిరిగితే అక్కడే నిలిచిపోతానని నా భయం. సైమి కప్పు, సైమి శాలువా, అన్నీ అటక మీదికి ఎక్కించి తలుపు వేసేశాను.

మరి రాకెల్ చూడు. అద్దం మీద మంచు గీకేటప్పుడు ఆర్వో చేతి తొడుగులు వేసుకుంటుంది. ఆమె చేతులు వాటిలో ఈదుతుంటాయి. "మా ఆర్వోవి. చేతులు ఇంత పెద్దవి, మాట మాత్రం ఇంత" అని వేలి చివర చూపించి నవ్వుతుంది. వంతెన దాటేటప్పుడల్లా, "ఇక్కడే చేపకు బదులు నా టోపీ పట్టాడు" అంటుంది. అతను వెనక సీట్లో కునుకు తీస్తున్నట్టే మాట్లాడుతుంది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగింది, "సైమి ఎలా నవ్వేదండీ? నాకు ముఖం గుర్తుంది, నవ్వు గుర్తు రావడం లేదు."

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నోరు పెగల్లేదు. నలభై ఏళ్లుగా మాటల మీదే బతికిన నోరు! ఆమె మళ్లీ కూనిరాగం అందుకుంది.

పోయిన శనివారం సోదరులు నా వాకిట్లో నీలం కారు తెచ్చి నిలబెట్టారు. నా ప్రసంగాన్ని గౌరవించి ముందు చక్రాలదే కొన్నారు. స్టీరింగుకు రిబ్బను కట్టారు. మేకుల టైర్లు తౌనో తన చేత్తో బిగించాడు. "ఫరోవి కావులే అన్నా, భయపడకు" అన్నాడు. అందరి కళ్లలో సంతోషం. నేను కృతజ్ఞతా ప్రార్థన చేశాను. పెదవులు స్తోత్రం అంటున్నాయి, గుండె విలాపవాక్యాలు చదువుతోంది. రాకెల్ గుంపు వెనక నిలబడి ఉంది. "ఇంక నా బండి మీకు అక్కర్లేదు" అంది. చెయ్యి కలిపి వెళ్లిపోయింది. ఆ రోజు రొట్టె లేదు.

పండుగ కూటాలు అవగానే ఆ మిట్ట ఎక్కి ఆమెను అడుగుతాను. కాదంటే, ఈ చలికాలంతో బోధన ఇంకొకరికి అప్పగించి నీ దగ్గరికి వచ్చేస్తాను. ఏ ఊరి కూటానికి వెళ్లినా ఆమె ఇంటి దీపం రోడ్డు మీదికి కనబడుతుంది. రోజూ దాన్ని దాటుకుని పోయేంత విశ్వాసం నాకు లేదు. నా కోసం మోకరించు. మోకాళ్లు నొప్పైతే కూర్చునే చెయ్యి.

వణుకుతున్న నీ తమ్ముడు,
ఏలిస్


కోర్పివారా,
ఫిబ్రవరి, ఎండ తిరిగొచ్చింది!

తంబుర తియ్యి అక్కా, తాళాలు తియ్యి!

జనవరి అంతా రేపు రేపు అని వాయిదా వేశాను. పోయిన ఆదివారం కూటం ముగిశాక ఇక దేవుడు కూడా విసుక్కుంటాడనిపించింది. సూటు వేసుకుని, నా చేత్తో కాల్చిన రొట్టె ఒకటి, అంచులు మాడాయిలే, పక్క సీట్లో పెట్టుకుని బయల్దేరాను. మధ్యాహ్నం. కొత్త మంచు. సగం మిట్ట దాకా ఏలీయా రథంలా పోయింది. ఆ తర్వాత ముందు చక్రాలు గిర్రున తిరగడమే తప్ప కదల్లేదు. యాక్సిలరేటర్ తొక్కితే కారు కేకలు పెట్టింది. నేను తీర్పు దినం మీద ప్రసంగించినప్పుడు కూడా అంత అరవలేదు. మెల్లగా కిందికి జారడం మొదలైంది.

పైన తలుపు తెరుచుకుంది. రాకెల్. చేతిలో పార, ఆర్వో చేతి తొడుగులు.

"బోధకుడుగారూ! నా దారిని ఎంతసేపు నున్నగా తోముతారు?"

"ఎక్కడం లేదు!"

"ముక్కు పైకెత్తి వస్తే ఎలా ఎక్కుతుంది? బరువంతా వెనక్కి పోతుంది, లాగే చక్రాలకు పట్టు ఉండదు. కిందికెళ్లి బండి తిప్పండి. రివర్సులో రండి."

"వెనక్కా?"

"వెనక్కే! ఇంజను కింద వైపు ఉండి తోస్తుంది. నా బండెక్కే పిల్లల్ని అడిగినా చెప్తారు."

"రాకెల్, వెనక్కి చూడొద్దని ఇన్నేళ్లుగా చెప్తున్న మనిషిని! కింద రోడ్డు మీద జనం వెళ్తున్నారు! లోతు భార్య..."

ఆమె పార మంచులో గుచ్చి దాని మీద ఆనుకుంది. "లోతు భార్య వదిలేసిన ఇంటివైపు చూసింది. మీరు చేరాల్సిన ఇంటివైపు చూస్తారు. తేడా లేదా? రండి, కాఫీ చల్లారిపోతోంది."

అక్కా, గ్రంథం అరిగిపోయేదాకా చదివాను. ఆ తేడా నాకెప్పుడూ కనబడలేదు.

కిందికి జారాను. తిప్పాను. రివర్సు గేరు వేసి, పక్క సీటు మీద చెయ్యి వేసి, మెడ తిప్పి, మెల్లగా వదిలాను. కారు ఎక్కింది! సాధువైన గాడిదలా, కేక లేదు, జారుడు లేదు. వెనక అద్దంలో రాకెల్ ఇల్లు పెద్దదవుతోంది. ఒక్కసారి ముందుకు చూశాను. లోయంతా పరుచుకుని ఉంది, నది, ప్రార్థన మందిరం, దాని పక్కన సైమి పడుకున్న తోట. ఆమె నుంచి దూరమవుతున్నానని అనిపించలేదు. ఎత్తు పెరిగేకొద్దీ ఇంకా బాగా కనబడింది. నేను ఉప్పు స్తంభం కాలేదు. ఉప్పు మాత్రం కొంచెం చెంపల మీదికి దిగింది.

పైకి చేరి తలుపు తీసి దిగాను. దారంతా వల్లించుకున్న పెళ్లి మాట ఎగిరిపోయింది.

"ముందు ముక్కు ముడుచుకునేది" అన్నాను.

"ఎవరు?"

"సైమి. ఎలా నవ్వేదని అడిగావు కదా. ముందు ముక్కు ముడుచుకునేది. తర్వాత భుజాలు ఊగేవి. శబ్దం అన్నిటికంటే ఆఖర్న వచ్చేది. అప్పటికి నేను జోకు మర్చిపోయేవాణ్ణి."

రాకెల్ ముక్కు తుడుచుకుంది, ఆర్వో తొడుగుతో. "లోపలికి రండి, ఏలిస్" అంది. బోధకుడుగారూ అనలేదు, గమనించావా?

రెండో కప్పు కాఫీకి అడిగాను. "రోజూ ఈ మిట్ట ఎక్కగలరా?" అంది. "బతికినంత కాలం వెనక్కే ఎక్కమన్నా ఎక్కుతాను" అన్నాను. మాడిన అంచులతో సహా నా రొట్టె తిని, సరే అంది.

సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట, బోధకుడు రాకెల్ ఇంటికి వెనక్కి ఎక్కాడని. తౌనో పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, యెహెజ్కేలు చక్రాలు పక్కకు మళ్లకుండానే ఎటైనా పోయేవట! వెనక్కి కూడా!" వాణ్ణి కౌగిలించుకున్నాను. వచ్చే ఆదివారం మళ్లీ లోతు భార్య మీదే బోధిస్తాను, రాకెల్ చెప్పిన అర్థంతో, రాకెల్ పేరు చెప్పి.

పెళ్లి మార్చిలో, మిట్ట మీదే. పెద్దవాళ్లనీ కేకునీ తౌనో తన బండిలో పైకి చేరుస్తాడు. నీ మోకాళ్లకు కూడా అదే. ఫరో రథమైనా సరే, ఎక్కు. మిగిలిన కార్లన్నీ వరసగా వెనక్కి వస్తాయి. చూడ్డానికైనా రా!

ఆనందంతో గొంతు పోయిన నీ తమ్ముడు,
ఏలిస్


వదినగారికి,

కవరు అతికించమని ఆయన నాకిచ్చారు, అందుకని అడుగున ఈ నాలుగు మాటలు. ఈ మిట్ట మీద రోజూ పొద్దున్నే నేనే ఇసుక చల్లుతాను. చల్లితే ఏ బండైనా మూతి ముందుకు పెట్టుకునే ఎక్కుతుంది. ఆయన కారు తెచ్చుకున్న దగ్గర్నుంచి ఆదివారాలు మాత్రం చల్లడం మానేశాను. ఏడెనిమిది ఆదివారాలు పార పట్టుకుని తలుపు వెనక కూర్చున్నాను. నేరుగా ఎక్కి వచ్చి ఉంటే కాఫీ తాగి, ఫరో గురించి మాట్లాడి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయేవారు. నాకు వెనక్కి చూడగలిగే మనిషి కావాలి వదినా. నాతో ఆర్వో కూడా వస్తాడు కదా.

పెళ్లినాడు మాత్రం ఇసుక బాగా చల్లుతాను. అయినా ఆయన వెనక్కే ఎక్కుతారు, చూస్తూ ఉండండి.

మీ
రాకెల్