మూతకు సగం

బేతంచెర్ల,
గురువారం

ప్రియమైన బావకు,

నా రాత చూసి నవ్వొద్దు. ఐదో తరగతితో ఆగిపోయిన చెయ్యి, ఒత్తులూ దీర్ఘాలూ కుదరవు. కూడబలుక్కొని చదువుకో. ఫోన్లో చెబుదామంటే, పాప గొంతు పనివాళ్లందరికీ వినపడాలని స్పీకర్ పెడతావు. అందుకే సుంకప్పన్న బండల లారీ బద్వేలు వస్తుంటే ఈ కాగితం పంపుతున్నాను.

ఆదివారానికి పాపకు ఆరు నెలలు. చర్చిలో కృతజ్ఞత కూటం పెట్టించావు. "మా కృపమణి ఆసుపత్రి కాగితం మీద బెదరకుండా సంతకం పెట్టింది, ఆ సాక్ష్యమే చెప్పించండి" అని పాస్టరుగారితో అన్నావంట. బావా, నేను బెదరకుండా పెట్టలేదు.

ఆ రోజు నువ్వింకా కర్నూలు బస్సులో ఉన్నావు. మూడు రోజుల పాపకు ఊపిరి ఎగపోస్తోంది. గొంతులోకి గొట్టం వేసి మిషను పెట్టాలనీ, ముందు మత్తుమందు ఇస్తామనీ డాక్టరమ్మ చెప్పింది. గొట్టానికి సరేనన్నాను.

"మందు మాత్రం వద్దక్కా. ఊరికే ఏయండి" అన్నాను.

నర్సు నాగేంద్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఊరికే ఏసేకి అదేమన్నా ముక్కుపుడకా? నీ గొంతులో ఏలు పెడితే నువ్వు ఊరుకుంటావా? బిడ్డ గింజుకుంటాది, గుండె నిదానమైపోతాది!"

అయినా సంతకం పెట్టకుండా అరగంట గోడ పట్టుకుని నిలబడ్డాను. ఆ అరగంటా పాప పక్కటెముకలు లోపలికి పోతూనే ఉన్నాయి. ఎందుకలా చేశానో ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ నాపరాళ్ల గనికి కూలికి పోయేది. బండల దిబ్బల మధ్య తన పచ్చచీరతో తమ్ముడు ఏసురాజుకు ఉయ్యాల కట్టేది. వాడి కనురెప్పల మీద రాతిపొడి తెల్లగా పేరుకునేది. ఉఫ్ అని ఊదితే బోసినోటితో నవ్వేవాడు. మళ్లీ ఊదమని మొహం ముందుకు చాపేవాడు. ఇప్పటికీ బండలు కోసే చప్పుడు వింటే నాకు ఆ నవ్వే గుర్తొస్తుంది. బిడ్డలు లేవకుండా ఉండాలని అక్కడి తల్లులు ఉగ్గుగిన్నెలో కాస్త దగ్గుమందు పోసేవాళ్లు. అమ్మా పోసేది. "మూతకు సగమే మణీ, శానా పోయకూడదు" అని నాకు చూపించేది.

ఆ రోజు అమ్మ పోసి వెళ్లాక వాడు లేచి ఏడ్చాడు. నేను గచ్చకాయల ఆటలో ఉన్నాను. మూత నిండా పోసి మళ్లీ తాగించాను. గిన్నె కడిగి బోర్లించాను. వాడు చప్పరిస్తూ నా వేలు పట్టుకుని పడుకున్నాడు. కాసేపటికి ఆ పిడికిలి విడిపోయింది. వాడు మళ్లీ లేవలేదు.

తన చేతి మందే తీసుకుపోయిందని అమ్మ అనుకుంది. పద్నాలుగేళ్లుగా అనుకుంటూనే ఉంది. "నా చెయ్యి మంచిది కాదు" అంటూ మన పాపకు ఒక్క చుక్క ఉగ్గు పోయదు. నువ్వది చాదస్తమని ఎగతాళి చేస్తావు. ఇక చెయ్యకు బావా.

ఆ అరగంట తర్వాత నాగేంద్రమ్మ మెత్తబడి, పాప తూకం రాసిన చీటీ నా చేతిలో పెట్టింది. "ఈ తూకానికి కొలిచే ఇస్తాము తల్లీ. నిద్రబుచ్చి యాడికీ పోము. నేనీడనే ఉండి గుండె చూస్తాంటా. నువ్వూ అద్దం అవతల నిలబడి చూస్తాండు."

మా గనిలో ఎవరూ తూకం చూడలేదు. ఎవరూ పక్కన కూర్చోలేదు. సంతకం పెట్టాను. మందు ఎక్కగానే పాప పిడికిలి విప్పింది, అచ్చం ఏసురాజులాగే. కానీ నాగేంద్రమ్మ కదల్లేదు, గుండె చూపే డబ్బాలో గీత ఎగురుతూనే ఉంది. నాలుగో రోజు గొట్టం తీశారు. పాప కళ్లు తెరిచి నన్నే చూసింది.

ఆదివారం ముందు వరుసలో అమ్మ కూర్చుంటుంది. ఆమె ఎదుట నిలబడి ధైర్యవంతురాలినని చెప్పుకోలేను. శనివారమే ఆమెకు అంతా చెప్పేస్తాను. కొడుతుందో, నన్ను పట్టుకుని ఏడుస్తుందో తెలియదు. ఏం చేసినా, ఆ తర్వాత పాపను ఒడిలో పెట్టి ఉగ్గుగిన్నె ఆమె చేతికిస్తాను. వీలైతే నువ్వూ శనివారానికే రా.

చదవగానే ఈ కాగితం కాల్చెయ్. ఎవరి కంటైనా పడి అమ్మకు ముందే తెలియకూడదు. ఆమె ఇది నా నోటి నుంచే వినాలి.

నీ
కృపమణి