ఎర్రపెట్టె వెనక మనిషి

మిర్యాలగూడ, మార్చి 3

సూర్యాపేటలో కూర్చుని మా రైస్ మిల్లుకు కంప్యూటర్ తెర తయారుచేసిన అరుంధతమ్మకు, ఆపరేటర్ పరశురాములు దండాలు.

మిల్లు మోతకు నా చెవులు సగం పోయాయి. ఫోన్ వినబడదు, అందుకే ఉత్తరం. తిరిగే బెల్టు దగ్గరికి ఎవరైనా వెళ్తే తెర మీద ‘జాగ్రత్త’ అని ఎర్రపెట్టె పడుతోంది. మంచిదే. కానీ అది కెమెరా బొమ్మనంతా మూసేస్తోంది. బెల్టు ఆపాల్సింది నేనే, అక్కడున్నది మనిషో మేకో ఎట్లా తెలియాలి?

మీ పరశురాములు

తా.క.: పెట్టె వెనక ఏముందోనని తెర వెనక్కి వెళ్లి చూశాను. వైర్లున్నాయి.

సూర్యాపేట, మార్చి 10

పరశురాములు గారికి నమస్కారం.

మీరన్నది నిజమే. పెట్టెను అద్దంలా పలచగా మార్చాను. అక్షరాలూ కనబడతాయి, వెనకున్న మనిషీ కనబడతారు. మీ ధ్యాస చెదరదు.

అరుంధతి

తా.క.: రంగు తగ్గిందని తెర పాడైందనుకోకండి.

మిర్యాలగూడ, మార్చి 19

అరుంధతమ్మకు,

మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే పెట్టె వెలిసిపోయిందనుకుని తెరను సబ్బునీళ్లతో కడిగాను. “గదేమన్న అంగీనా, ఉతకనీకి?” అని మిల్లు సేటు నన్ను కడిగాడు. ఇంకొంచెం పలచగా చేయగలరా?

పరశురాములు

తా.క.: బెల్టు దగ్గర ఊడ్చేది మా ఆవిడ ఆండాలు. ముప్పై ఏళ్లుగా ఒకే మిల్లులో ఉన్నా, పగటిపూట ఆమెను తీరిగ్గా చూస్తున్నది ఇప్పుడే. సేటుకు చెప్పకండి.

సూర్యాపేట, మార్చి 27

పరశురాములు గారికి,

మీరు అడిగినట్టే ఇంకా పలచన చేశాను.

అరుంధతి

తా.క.: సేటుకు చెప్పను.

మిర్యాలగూడ, మే 2

బిడ్డా అరుంధతీ,

నేను పరశురాములు భార్య ఆండాలును. ఎడమచేత్తో రాస్తున్నాను, వంకర గీతలకు ఏమనుకోకు. పోయిన నెల బెల్టు నా కొంగును పట్టి లాగింది. దవాఖానలో కుడిచేయి మోచేతి దాకా తీసేశారు.

పెట్టె పడిందట. ఆయన తెర ముందే ఉన్నాడు. అయినా బెల్టు ఆపలేదు. నాకొక్కదానికే చెప్పాడు: “నువ్వు కెమెరా దిక్కు సూసి నవ్వినవ్. గదే సూసుకుంట కూసున్న. అక్షరాలు సదవలే.” అప్పటినుంచి మిల్లుకు పోవడం లేదు. నాకు అన్నం కలిపి పెడతాడు, తాను తినడు.

నిన్ను తిట్టడానికి రాయలేదు. వేరే మిల్లుల్లోనూ నీ తెరలే ఉన్నాయట. మామూలప్పుడు మనిషిని కనబడనీ. బెల్టు దగ్గరికి వస్తే మాత్రం ఎర్రపెట్టెతో నిండుగా కప్పేయి. బెల్టు ఆపేదాకా ఆ పెట్టె పోకూడదు.

ఆండాలు

తా.క.: కెమెరాలో ఆయన నన్ను చూస్తాడని నాకు తెలియనే తెలియదు. నాతోపాటు ఊడ్చే రంగి ఏదో అంటే నవ్వాను. ఆ నవ్వు తనకేననుకుంటున్నాడు. ఆయనకు చెప్పకు.