సాంచాల మోతలో గిటార్

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ బిడ్డ సుజాత గిటార్ కావాలని పట్టుబడితే ఇవాళ దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడ ఒక పాత గిటార్ కనబడింది. పొట్టలో రేకు గిన్నె ఉన్నది, ఒళ్ళో పెట్టుకుని ఉక్కు కడ్డీ జార్చి వాయించేది. మీటితే దుకాణమంతా మోగింది. పవర్‌లూమ్ సాంచాల మోతలోనూ నీ వాయింపు వినబడాలని నువ్వు ఏళ్ళ తరబడి వెతికిన రకం అదే!

సుజాత మాత్రం మెరిసే కొత్తది పట్టుకుంది.

"కాకా, గా పాతదాని తీగలు మస్తు ఎత్తున్నయి. వేళ్ళతోని నొక్కుడు కాదు. నేను నిలవడి వాయించాలె."

"దాని ఆవాజ్ ఇన్నవా? గీ కొత్తది మనింట్ల ఎవలికి ఇనబడ్తది?" అని అరిచాను.

పిల్ల వినలేదు. చివరికి కొత్తదే కొన్నాం.

ఇంటికొచ్చి వాయిస్తే, నేనన్నట్టే, పక్కింటి సాంచాల మోతలో ఏమీ వినబడలేదు.

"చెప్పిన్నా లేదా?" అన్నాను.

సుజాత గిటార్ కింద పెట్టి పక్కింటికి పోయింది. "మామా, జరసేపు సాంచాలు బంద్ పెడ్తవా?" అని అడిగింది.

వాళ్ళు ఆపారు. నా కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

ఇన్నేళ్ళలో మనమెందుకు అడగలేదన్నా?