బేరా ముసలమ్మ మెడలో మఫ్లర్

కార్క్,
సెప్టెంబరు ఆఖరు వారం

శ్రీమతి పెగ్ హారింగ్టన్ గారికి,

నమస్కారం. పోయిన శనివారం మీ వెంట బేరా ముసలమ్మ యాత్రకి నడిచినవాళ్ళలో నేనొకదాన్ని. ప్రతి మలుపులోనూ ఆగి "ఇది నిజంగా పాత కథేనా, మధ్యలో ఎవరైనా కలిపారా?" అని మిమ్మల్ని విసిగించింది నేనే. కాలేజీలో చరిత్ర చెబుతాను. ఆ అనుమానం ఎక్కడికెళ్ళినా నాతోనే వస్తుంది.

చిన్న సాయం కావాలి. సముద్రంలోకి వెళ్ళిపోయిన మొగుడు మనానన్ కోసం చూసి చూసి ఆ ముసలమ్మ దేవత రాయైపోయిన చోట, తలా ఒక వస్తువు పెట్టమన్నారు కదా. నాణెం కోసం కోటు జేబులు వెతుక్కుంటూ, అడ్డంగా ఉందని మెడలో మఫ్లర్ తీసి రాతి మీద పెట్టాను. అంతలో వాన మొదలైంది, మీరు అందరినీ బస్సు దగ్గరికి తోలారు. మఫ్లర్ అక్కడే ఉండిపోయింది. బూడిదరంగు ఉన్నిది, ఒక మూల ఆకుపచ్చ దారంతో కుట్టు ఉంటుంది. దయచేసి పోస్టులో పంపగలరా? స్టాంపులు జతచేశాను.

ఇట్లు,
ఊనా లెనిహన్

తా.క. నాణెం చివరికి దొరకనే లేదు. అంటే ఆవిడకి నేను ఇచ్చిందేమీ లేదు.

*

బేరా, కూలా ఒడ్డు

అమ్మాయ్ ఊనాకి,

పెగ్ దీవించి రాయునది. నువ్వు గుర్తున్నావు. నీ ప్రశ్నలకి జవాబు చెప్పలేకే ఆ రోజు అంత జోరుగా నడిచాను.

మఫ్లర్ భద్రంగా ఉంది. పొద్దున గొర్రెల దగ్గరికి పోతూ చూశాను. కానీ నేను తీయను. ముసలమ్మకి పెట్టినదాన్ని పరాయివాళ్ళు తీస్తే, పెట్టినవాళ్ళ బాధ తీసినవాళ్ళకి అంటుకుంటుంది. పెట్టినవాళ్ళే వచ్చి తీసుకుంటే ఎవరి బాధ వాళ్ళకే తిరిగొస్తుంది. మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి. కాబట్టి నువ్వు అందులో ఏం పెట్టావో ముందు చెప్పు. మోకాళ్ళ నొప్పులైతే తెచ్చేస్తాను, నాకు ఎలాగూ ఉన్నాయి, ఇంకాస్త కలిసినా తెలీదు. తలనొప్పైతే ఆలోచించాలి. అత్తగారైతే మాత్రం ముట్టుకోను.

నీ జవాబు కోసం చూసే,
పెగ్

తా.క. రాతి మీద పెట్టానని రాశావు. అది ముసలమ్మ మెడ చుట్టూ ఉంది. రెండు ముళ్ళు వేసి.

*

కార్క్,
అక్టోబరు మొదట్లో

పెగ్ గారికి నమస్కారాలు.

ముళ్ళ సంగతి నాకు తెలీదు. గాలికి చుట్టుకుని ఉండవచ్చు. గాలి ముళ్ళు వేయదు కదా అని మీరంటారు, అదీ తెలుసు. నేనే వేశానా? వేసినట్టు గుర్తులేదు. వేయలేదని ఒట్టు పెట్టమంటే పెట్టలేను.

ఏది ఏమైనా, అందులో బాధంటూ ఏమీ లేదండీ. తప్పనిసరిగా ఏదో ఒకటి ఉండాలంటే జలుబు అనుకోండి. ఈ మధ్య కొంచెం జలుబుగా ఉంది. దయచేసి పంపండి, ఇక్కడ చలి మొదలైంది.

మర్యాదలతో,
ఊనా

తా.క. మనుషుల బాధలు బట్టల్లో ప్రయాణం చేస్తాయని నేను నమ్మను. అయినా తీసేటప్పుడు చేతులకి గ్లౌజులు తొడుక్కోండి.

*

బేరా, కూలా ఒడ్డు

ఊనా,

జలుబా? ఆ కొండంతా ఎక్కి దిగితే నువ్వు ఒక్కసారి కూడా ముక్కు తుడుచుకోలేదు.

ఇక్కడ వ్యవహారం ముదిరింది. తర్వాతి శనివారం జర్మనీ ఆడవాళ్ళు వచ్చారు. నీ మఫ్లర్ చూశారు. నేను నోరు తెరిచేలోగా తమవి కూడా విప్పి కట్టేశారు, ఇక్కడి ఆచారం కాబోలని. ఆ తర్వాత వచ్చినవాళ్ళు అవన్నీ చూసి ఇంకా కట్టారు. ఇప్పుడు మా ముసలమ్మ చలికాలం పూజకి బయల్దేరిన పెద్దావిడలా ఉంది. పోస్టు తెచ్చే మాసీ దాన్ని చూసి, "పెగ్గమ్మా, ఈవిడకి మొగుడి సంగతి తర్వాత, ముందు డాక్టరుని పిలవండి," అన్నాడు.

నీ విషయం నేను మాసీకొక్కడికే చెప్పాను. మాసీ కొట్టులో ఒక్కరికే చెప్పాడట. ఆదివారం ఫాదరు గారు, కార్క్ పట్నంలో పేరు చెప్పుకోలేని జబ్బుతో ఉన్న ఒక సోదరి కోసం అందరినీ ప్రార్థించమన్నారు. సగం ఊరు నీకు తాగుడు అంటోంది, సగం ఊరు నీ మొగుడు మంచివాడు కాదంటోంది. నేను నీ తరఫున గట్టిగా నిలబడ్డాను, ఉత్త తాగుడేనని.

పెద్ద గాలివాన వస్తుందని రేడియోలో చెబుతున్నారు. మఫ్లర్ సముద్రంలో పడితే ఇక నీకూ దక్కదు, నాకూ దక్కదు. తొందరగా నిజం రాయి.

నీ మంచి కోరే,
పెగ్

తా.క. కొట్టావిడ నీ జబ్బుకి రూబార్బ్ జామ్ పంపింది. జాడీ తిప్పి పంపాలట.

*

కార్క్,
అక్టోబరు మధ్యలో

పెగ్ గారూ,

ఆ మఫ్లర్ నాది కాదు. మా ఆయన ఫర్గల్‌ది. పోయిన ఏడు ఫిబ్రవరిలో పోయాడు. చెడ్డవాడు కాదు. ఊళ్ళో ఆ సగం మందికీ దయచేసి చెప్పండి.

యాత్రకి ముందు, పొద్దున్నే మెలకువ రాగానే వంటింట్లో చెంచా చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని. టీలో పంచదార వేసుకోని మనిషి, అయినా కప్పులో చెంచా తిప్పుతూ ఉండేవాడు. ఆ చప్పుడు లేకపోవడంతోనే నాకు రోజు మొదలయ్యేది. మీ దగ్గర్నుంచి వచ్చాక నిద్ర పట్టడం మొదలైంది. మొన్న కాలేజీ వరండాలో ఎవరో ఏదో అంటే గట్టిగా నవ్వాను కూడా. ఇంటికొచ్చి గుర్తు చేసుకుంటే, చెంచా ఏ వైపు తిప్పేవాడో గుర్తురాలేదు. ఎంత భయమేసిందో చెప్పలేను.

చలికి కాదు నేను మఫ్లర్ అడిగింది. నా బెంగ నాకు కావాలి పెగ్ గారూ. అదీ పోతే ఇంట్లో ఆయనది ఇంకేం మిగులుతుంది? నేను నమ్మనివన్నీ మీకు రాస్తున్నాను, నవ్వుకోండి. మీరు మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. ఈ గాలివాన తగ్గి రోడ్లు బాగుపడగానే నేనే వచ్చి విప్పుకుంటాను.

రెండు ముళ్ళూ నేనే వేశాను.

ఊనా

తా.క. జామ్ బాగుంది. తాగుడుకి పనిచేస్తుందో లేదో చెప్పలేను.

*

బేరా, కూలా ఒడ్డు

ఊనా తల్లికి,

నీ ఉత్తరం కంటే గాలివానే ముందొచ్చింది.

నేను వెళ్ళేసరికి మిగతా మఫ్లర్లు ఒక్కొక్కటే సముద్రం దారి పట్టాయి. నీది ఊడలేదు కానీ అంచు పోగులు లేస్తున్నాయి. సరే, జలుబే కదా, పడుకుంటే పోతుందిలే అని విప్పేశాను. తడి ముడి గ్లౌజులతో రాదు, వట్టి చేతులతోనే విప్పాను.

ఇంటికొచ్చి జలుబుకి సిద్ధపడ్డాను. తేనె, నిమ్మకాయలు, విస్కీ పక్కన పెట్టుకుని, గొర్రెల్ని మాసీకి అప్పజెప్పి, వేడినీళ్ళ సీసాతో మంచమెక్కాను. మాసీ కిటికీ దగ్గర నిలబడి "వచ్చిందా?" అంటాడు, నేను "ఇంకా లేదు" అంటాను. ఒక్క తుమ్ము రాలేదు. విసుగొచ్చి లేచి దుంపలు ఉడకేసుకున్నాను. తిందామని కూర్చుంటే బల్ల మీద రెండు పళ్ళేలు ఉన్నాయి. పెట్టింది నేనే.

మా ఆయన డెన్నీ పోయి చాలా ఏళ్ళైంది. సమాధి దగ్గర నేను కంటతడి పెట్టలేదని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఏడుపు రాలేదు, ఏం చేయను? నోరు తెరిచి నమిలేవాడు. వానలో నిలబడి నేను బట్టలు తీస్తుంటే గుమ్మంలోంచి "పెగ్, వాన పడుతోంది," అని నాకే చెప్పేవాడు. అలాంటివాడి మీద ఏం బెంగ పెట్టుకుంటాం?

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది ఊనా. పడుతోందని ఎవరూ చెప్పలేదు. ఆ రెండో పళ్ళెం ముందు కూర్చుని నేను ఏడ్చిన ఏడుపుకి, జలుబు ముదిరిందనుకుని మాసీ ఫాదరు గారి కోసం పరుగెత్తాడు.

మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. చదివి, ఓహో ఇదా అనుకున్నాను.

మఫ్లర్ ఇందులోనే పెట్టాను. ఉతకలేదు. బెంగ మాత్రం పంపను. అది నీదే, నువ్వు అడిగావు, తిప్పి ఇవ్వడం మర్యాద. కానీ నాకది ఇన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. డెన్నీ ఇప్పుడిప్పుడే ఇంట్లోకొచ్చి కూర్చున్నాడు, లేచి పొమ్మనడం నా వల్ల కాదు. నీ ఫర్గల్ సంగతంటావా, చెంచా ఏ వైపు తిప్పితేనేం, తిప్పేవాడని నీకు తెలుసు కదా. నిద్రపో తల్లీ.

నీ జబ్బుతో హాయిగా ఉన్న,
పెగ్

తా.క. రెండో పళ్ళెం తీయబుద్ధి కాక రోజూ పెడుతున్నాను. కుక్క లావైపోయి గొర్రెల వెంట పరుగెత్తలేకపోతోంది. రోడ్లు బాగుపడేదాకా ఆగకుండా ఈ వారమే రా.