మోకాలెత్తు గోడలు

సైనిక్‌పురి, సికింద్రాబాద్.

పట్టణ ప్రణాళిక అధికారి గారికి,

అయ్యా,

అనుమతి రాకముందే తోటలో గది పని మొదలుపెట్టానని మీరు నోటీసు పంపారు. నోటీసుతో పంపిన ఫొటోలో ఉన్న గుంత మాదే. కానీ అది ప్రార్థన కోసం తవ్వించింది, గోడల పని ఇంకా మొదలే కాలేదు.

జూన్‌లో పక్షవాతం వచ్చినప్పటి నుంచి నా భార్య మేబెల్ తనంతట తాను మెట్లు దిగలేకపోతోంది. పడకగది, బాత్రూం రెండూ మేడమీదే. అందుకే కింద గదికి దరఖాస్తు పెట్టాను. ఇంతలో మా పాస్టరుగారికి బదిలీ అయింది. ఆయన వెళ్లేలోపే పునాదిరాయికి ఆయనే ప్రార్థన చేయాలని ఆమె పట్టుబట్టింది. "పర్మిషన్ రాకముందు గుంత తీస్తే పని షురూ చేసిన్రని రాస్తరు సార్, జెర ఆగుండ్రి" అని మేస్త్రి వీరయ్య చెప్పనే చెప్పాడు. ముప్పై ఏళ్లు ఆఫీసు ఫైళ్లు చూసిన నేనే వినలేదు.

ప్రార్థన రోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నేనూ వీరయ్యా కిందికి దించాం. కుడిచేయి పనిచేయదు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఎడమచేత్తోనే ఇటుకంత రాయిని గుంతలో పెట్టింది.

గుంత పూడ్చమంటే పూడుస్తాను. జరిమానా వేసినా కడతాను. రాయిని మాత్రం తీయించకండి.

ఇంకొక మనవి. మా పడకగది కిటికీ రోడ్డువైపు ఉంది, తోట కనిపించదు. గోడలు ఎంతవరకు లేచాయని ఆమె రోజూ అడుగుతుంది. మోకాలెత్తు వచ్చాయని నిన్న చెప్పాను. తనిఖీకి వచ్చే మీ మనిషిని దయచేసి కాస్త మెల్లగా మాట్లాడమనండి.

ఇట్లు,
మీ దరఖాస్తుదారు